ముఖం మీద నీడ ఎటు పడుతోంది? సరిహద్దు జిల్లాల అవుట్‌డోర్ పోర్ట్రెయిట్ లెక్కలు

ఆంధ్ర సరిహద్దున ఒడిశా వైపున్న పర్లాకిమిడిలోనో రాయగడలోనో పెళ్లి కుదిరితే, ముహూర్తం అనుకున్న వెంటనే వచ్చే మాట ఫోటోగ్రాఫర్ ఎవరని. అవుట్‌డోర్ షూట్ ఎక్కడ, ఎన్ని డ్రెస్సులు, డ్రోన్ ఉందా అని అన్నీ అడుగుతారు. ఏ వేళకి అన్నది మాత్రం చివర్లో, అదీ బ్యూటీషియన్ వీలును బట్టి, బండి దొరికేదాన్ని బట్టి తేలుతుంది. దాని ఫలితం ఆల్బమ్‌లో కనిపిస్తుంది. చీర బాగుంటుంది, వెనక కొండ బాగుంటుంది, అమ్మాయి కళ్ల కింద మాత్రం నల్లటి గుంటలు. "ఫేస్ డల్‌గా వచ్చింది" అని ఇంట్లోవాళ్లు అంటారు. స్టూడియోలో ఎడిటర్ ఆ ముఖాన్ని కంప్యూటర్‌లో తెల్లగా చేసి పంపిస్తాడు. గుంటలు పోతాయి, వాటితో పాటు ఆ అమ్మాయి పోలికలూ సగం పోతాయి.

ఈ చిక్కుకి కెమెరా ఖరీదుతో పెద్దగా సంబంధం లేదు. వెలుగు ఒక పాఠంగా, పోజు ఇంకో పాఠంగా విడివిడిగా నేర్చుకోవడంలోనే అది మొదలవుతుంది. పోజుల కోసం ఫోన్‌లో దాచుకున్న బొమ్మలు చూపిస్తారు, మోడల్ అలాగే నిలబడుతుంది, ఆ తర్వాత వెలుగు సంగతి చూసుకుంటారు. నిజానికి ముఖం ఎటు తిరగాలో ముందు వెలుగును చూసి తేల్చుకోవాలి. భుజాలు, నడుము, కాళ్లు ముఖాన్ని బట్టి కుదురుతాయి. ఈ వరస తిరగబడితే ఎంత మంచి పోజైనా ఫోటోలో నిలవదు.

ఆన్‌లైన్ పాఠాల్లో మొదట వినిపించేది గోల్డెన్ అవర్. సూర్యుడు నేలకు దగ్గరగా, సుమారు 6 డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నప్పటి బంగారు రంగు వెలుగు అది. ఆ పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది యూరప్‌లోనో ఉత్తర అమెరికాలోనో ఉంటారు. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, నింపాదిగా దిగుతాడు. లండన్‌లో డిసెంబరు సాయంత్రం ఆ 6 డిగ్రీలు దిగడానికి ఇంచుమించు 50 నిమిషాలు పడుతుంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు చాలావరకు 18, 20 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నాయి. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువునా దిగిపోతాడు. అవే 6 డిగ్రీలు మార్చి, సెప్టెంబరు నెలల్లో 25 నిమిషాల్లో, డిసెంబరులోనైనా అరగంట లోపే అయిపోతాయి. పేరులో గంట ఉంది కదా అని మూడు డ్రెస్సులు ప్లాన్ చేసుకుంటే రెండో చీర కట్టుకునేసరికి వెలుగు ఉండదు.

తూర్పు కనుమల్లో ఆ అరగంట కూడా పూర్తిగా చేతికి రాదు. గుణుపురం వైపు వంశధార లోయలోనో, రాయగడ దగ్గర నాగావళి గట్టు మీదో నిలబడితే పడమటి కొండ సూర్యుణ్ణి ముందే మింగేస్తుంది. ఫోన్‌లో చూపించే అస్తమయం టైము చదును నేల లెక్క. కొండ కొమ్ము ఎంత ఎత్తుందో దాన్ని బట్టి ఎండ ముందే మాయమవుతుంది. అందుకే లొకేషన్ చూడ్డానికి వెళ్లేవాళ్లు షూట్ జరిగే వేళకే వెళ్లాలి. పొద్దున వెళ్లి చూసొచ్చి సాయంత్రం షూట్ పెట్టుకోవడం ఇక్కడ జరిగే పొరపాట్లలో పెద్దది.

ఇక ఎండ ఎత్తు సంగతి. దేశమంతటికీ గడియారం పెట్టే 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకి దగ్గరగా, కోరాపుట్ జిల్లా జయపురం పక్క నుంచి పోతుంది. కాబట్టి జయపురంలో గడియారం 12 కొట్టిన పావుగంట అటూఇటూలో సూర్యుడు నిజంగానే ఆ రోజుకి తన గరిష్ఠ ఎత్తులో ఉంటాడు. అయితే ఆ మధ్యాహ్నం ఏ నెలదన్నది ముఖ్యం. మే మధ్యలోనూ, మళ్లీ జూలై చివర్లోనూ ఈ ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తల మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడే ఉండదు. అదే డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపున, కేవలం 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. స్టూడియోలో పోర్ట్రెయిట్ లైటు పెట్టేటప్పుడు అందరూ అనుకునే ఎత్తు 45 డిగ్రీలు. అంటే మార్గశిర మాసపు మధ్యాహ్నం, ఫోటోగ్రాఫర్లు భయపడే మధ్యాహ్నం కాదు. మరోవైపు మే నెలలో ఉదయం 9 గంటలకే జయపురంలో సూర్యుడు ఆ 48 డిగ్రీలకి ఎక్కేస్తాడు, 10 గంటలకి 60 దాటిపోతాడు. వైశాఖంలో పెళ్లి అయితే పొద్దున పనంతా 8 గంటల లోపే. డిసెంబరు షూట్ అయితే భోజనాల వేళ కూడా పనికొస్తుంది. "పది నుంచి మూడు వరకూ కెమెరా తీయకూడదు" అని ఏడాది పొడుగునా ఒకే సూత్రం పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు.

డిగ్రీల లెక్క తెలియకపోయినా ఫర్వాలేదు, దాన్ని చూపించే పనిముట్టు మోడల్ ముఖం మీదే ఉంటుంది. అది ముక్కు నీడ. మోడల్‌ని ఎండలో నిలబెట్టి, ముఖాన్ని మెల్లగా ఒకవైపు నుంచి రెండో వైపుకి తిప్పమని చెప్పి, ముక్కు నీడ ఎక్కడ పడుతోందో మాత్రమే చూడాలి. నీడ నిట్టనిలువుగా పెదవి మీదికి దిగి, కనుబొమల నీడ కళ్లను కప్పేస్తుంటే వెలుగు మరీ ఎత్తులో ఉన్నట్టు. అక్కడ ఏ పోజూ పనిచేయదు, నీడలోకి పోవాలి, లేదంటే తల మీద ఏదైనా అడ్డం పెట్టాలి. నీడ పొట్టిగా, వాలుగా పడి నోటి మూల వైపు చూస్తుంటే అది అందరికీ నప్పే వెలుగు. ముఖం ఇంకొంచెం తిప్పితే ముక్కు నీడ వెళ్లి అవతలి చెంప నీడలో కలుస్తుంది. అప్పుడు ఆ చెంప మీద కంటి కింద చిన్న త్రికోణం వెలుగు మిగులుతుంది. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు మీద పిలిచే లైటింగ్ అదే. వయసు మళ్లినవాళ్ల ముఖాలకి, గడ్డం ఉన్న మగవాళ్లకి అది గంభీరంగా ఉంటుంది. ఇరవై ఏళ్ల పెళ్లికూతురికి, నవ్వే ముఖానికి కొంచెం బరువెక్కువ అనిపిస్తుంది. ఇంకా తిప్పితే సగం ముఖం పూర్తిగా చీకటి. అది డ్రామా ఫోటోలకి సరే గానీ పెళ్లి ఆల్బమ్‌లో ఒకటి చాలు.

ఈ పరీక్షకి అర నిమిషం పట్టదు. కానీ షూట్ మొదట్లో దీన్ని చేసేవాళ్లు తక్కువ. చేస్తే తెలిసే ఇంకో సంగతి, ఒకే మనిషి ముఖంలో రెండు పక్కలూ ఒకేలా ఉండవు. ఒక పక్క కన్ను కాస్త చిన్నది, ఒక పక్క దవడ కాస్త నిండుగా ఉంటుంది. ముక్కుపుడక ఉన్న పక్క, పాపిట తీసిన పక్క, పైట వేసుకున్న పక్క, వీటిలో ఏది వెలుగు వైపు ఉండాలో అప్పుడే నిర్ణయించుకోవచ్చు.

ఎండ గట్టిగా ఉండడానికి కారణం దాని ప్రకాశం ఒక్కటే అనుకుంటారు. అసలు కారణం సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు మాత్రమే కనిపించడం. వెలుగు వచ్చే చోటు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత కత్తిరించినట్టు ఉంటుంది, ఎంత పెద్దదైతే నీడ అంత మెత్తబడుతుంది. మబ్బు పట్టినప్పుడు ఆకాశమంతా ఒకే లైటు అయిపోతుంది కాబట్టి ముఖాలు మెత్తగా వస్తాయి. మబ్బు లేని రోజున ఆ పెద్ద లైటును వెతుక్కోవాల్సింది నీడలో. ఎండ నేరుగా తగలకుండా, ఎదురుగా తెరిచిన ఆకాశం మాత్రం కనిపించే నీడ కావాలి.

పర్లాకిమిడి, బరంపురం పాత వీధుల్లో అలాంటి చోట్లకి కొదవ లేదు. ముందుకి వాలిన పెంకుల చూరు, దాని కింద అరుగు, స్తంభాలు. ఆ అరుగు మీద లోపలికి జరిగి కూర్చుంటే ముఖం చీకటి. చూరు నీడ వీధిలో ఎక్కడ ఆగిందో ఆ గీతకి ఒక అడుగు లోపల నిలబడి వీధి వైపు చూస్తే, ముఖం నిండా వెలుగు, కళ్లలో ఆకాశం తెల్లటి మెరుపుగా పడుతుంది. ఆ మెరుపునే క్యాచ్ లైట్ అంటారు. అది లేని కన్ను ఎంత పెద్దదైనా నిద్రలో ఉన్నట్టే కనిపిస్తుంది. వెనక గది చీకటిగా ఉండడం ఇక్కడ లాభమే, ముఖం దాని మీద తేలి వస్తుంది. రోడ్డుకి అవతల సున్నం కొట్టిన గోడ మీద ఎండ పడుతుంటే ఇంకా మంచిది. ఆ గోడే వెలుగును ముఖం మీదికి తిప్పికొట్టే పెద్ద రిఫ్లెక్టర్, దానికి అద్దె కట్టక్కర్లేదు, పట్టుకోవడానికి మనిషీ అక్కర్లేదు.

చెట్టు నీడ మాత్రం మోసం చేస్తుంది. కొబ్బరి తోట, జీడి తోట, గోపాలపూర్ ఒడ్డున సరుగుడు చెట్లు, కంటికి చల్లగానే ఉంటాయి. ఫోటోలో ముఖం మీద ఎండ చుక్కలు పడతాయి, నుదుటి మీద ఒకటి, ముక్కు మీద ఒకటి. మన కళ్లు వాటికి సర్దుకుంటాయి గానీ కెమెరా సర్దుకోదు. తోటలో తీయాలంటే తోట మధ్యలో కాకుండా అంచున, వీపు తోట వైపు పెట్టి నిలబడాలి. లేదా చుక్కలు పడే చోట ముఖం మీదికి ఒక తెల్లటి పంచె అడ్డంగా పట్టించాలి. పలచటి తెల్ల పంచె నాలుగు మూలలా పట్టుకుంటే వెలుగును మెత్తబరచడానికి కొట్లో కొనే డిఫ్యూజర్ చేసే పనే చేస్తుంది. అలాగే ఐస్‌క్రీం, చేపల పార్సిళ్లకి వాడే తెల్ల థర్మాకోల్ షీటు చక్కటి రిఫ్లెక్టర్. గోల్డ్ రిఫ్లెక్టర్ కొనడం ఈ మధ్య మోజు. మన చాయ మీద దాని పసుపు చాలాసార్లు అతిగా ఉంటుంది, పెళ్లికూతురికి మంగళస్నానం పసుపు ఇంకా పూర్తిగా వదలకపోతే మరీను. తెల్లది చాలు. దాన్ని ముఖం కింద నుంచి కాకుండా వెలుగుకి ఎదురు పక్క నుంచి, ముఖం ఎత్తులో పట్టాలి. కింద నుంచి కొట్టే వెలుగు గడ్డం కిందా ముక్కు రంధ్రాల్లోనూ పడి ముఖాన్ని వికారం చేస్తుంది.

నేల కూడా రిఫ్లెక్టరే అన్న సంగతి మర్చిపోతారు. కోరాపుట్ ఎర్రమట్టి మీద ఎండలో నిలబడితే మెడ, దవడ కింద ఎర్రటి జీర వస్తుంది, అది చాలావరకు అందంగానే ఉంటుంది. వరిచేను మధ్యలో నిలబడితే అదే చోట పచ్చటి జీర, చర్మానికి అస్సలు నప్పదు. చేను కావాలంటే గట్టు మీద నిలబెట్టి, చేనును వెనక్కి పంపాలి. గోపాలపూర్ ఇసుక కింద నుంచి గట్టిగా వెలుగు విసురుతుంది, అందుకే అక్కడ మధ్యాహ్నం కూడా కళ్ల గుంటలు కాస్త తేలికగా ఉంటాయి. కానీ ఆ మెరుపుకి ఎవరూ కళ్లు తెరవలేరు.

గోపాలపూర్ గురించి మరికొంత చెప్పాలి, బరంపురం చుట్టుపక్కల అవుట్‌డోర్ అంటే మొదట గుర్తొచ్చేది అదే. ఆ ఒడ్డు ఆగ్నేయం వైపు చూస్తుంది. చలికాలంలో సూర్యుడు కూడా ఆగ్నేయానికి జరిగి, సముద్రం మీద ఎదురుగానే లేస్తాడు. కాబట్టి సముద్రం వెనక ఉండి, జుట్టు చుట్టూ బంగారు అంచు రావాలంటే పొద్దున్నే రావాలి. సాయంత్రం సూర్యుడు ఊరి వైపు దిగుతాడు. అప్పుడు సముద్రానికి వీపు పెట్టి నిలబడితే వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది, సముద్రం నీలంగా వస్తుంది, అంచు వెలుగు మాత్రం రాదు. రెండూ మంచివే, రెండు వేర్వేరు ఫోటోలు. పడమటి తీరాల సినిమా షాట్లు చూసొచ్చి సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం కావాలని అడిగే జంటలకి ఈ సంగతి అడ్వాన్స్ తీసుకునే ముందే చెప్పాలి. డిసెంబరులో అక్కడ పొద్దు 5 గంటల 15 నిమిషాల ప్రాంతంలోనే గుంకుతుంది. భోజనం చేసి, చీర మార్చుకుని నాలుగున్నరకి బరంపురంలో బయల్దేరితే ఇసుక మీద కాలు పెట్టేసరికి ఎండ దాదాపు అయిపోయినట్టే.

కోరాపుట్ పీఠభూమి దీనికి పూర్తిగా వేరు. పట్నమే సముద్ర మట్టానికి 850 మీటర్ల పైన ఉంది. ఒడిశాలో ఎత్తైన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు, ఆ జిల్లాలోనే ఉంది. చలికాలం ఉదయాన పొగమంచు దిగితే వెలుగుకి దిక్కే ఉండదు. ముఖం మీద నీడలుండవు, వెనక ఉన్న కొండ మాయమవుతుంది. ఆ వేళ లేత రంగు బట్టలు మంచులో కలిసిపోతాయి. ముదురు ఎరుపో, బరంపురం పట్టు చీరలో గుడి గోపురాల వరస ఉన్న అంచో కావాలి. ఆటోఫోకస్ మంచులో తడబడుతుంది, చీర అంచు మీదో కనుబొమ మీదో ఫోకస్ పెట్టుకోవాలి. మోడల్‌కి చలి వేస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఏ సలహా చెప్పినా దిగవు. ప్రతి రెండు ఫోటోల మధ్య శాలువా కప్పాలి.

వెలుగు తర్వాత ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది. ఇక్కడ చాయ గురించి నిజాయితీగా మాట్లాడాలి. వెలుగును కొలిచే కెమెరాలోని మీటర్ తన ముందున్నదంతా కలిపితే మధ్యస్థమైన బూడిద రంగు అవుతుందనుకుంటుంది. తెల్ల గోడ ముందు చామనఛాయ మనిషిని పెడితే గోడను బూడిద చేయబోయి ముఖాన్ని నల్లగా చేస్తుంది. చీకటి గుమ్మం ముందు పెడితే దీనికి తిరగబడి ముఖం మరీ తెల్లబడిపోతుంది. ఇది సాంకేతికం. దీని పక్కనే ఒక చరిత్ర కూడా ఉంది. 1950ల నుంచి కోడక్ సంస్థ ల్యాబులకి పంపిన రంగులు సరిచూసే కార్డుల మీద ఉన్నది తెల్లజాతి మహిళ బొమ్మ, షర్లీ కార్డులనేవారు వాటిని. కలర్ ఫిల్ము చాలాకాలం ఆ చర్మాన్నే కొలతగా పెట్టుకుని తయారైంది. ఇప్పుడు ఫిల్ము పోయింది గానీ ఫోన్లలో బ్యూటీ మోడ్ అదే పని చేస్తోంది. నల్లటి చర్మం పక్క వెలుగులో నిగనిగలాడుతుంది, దాని అందం ఆ నిగారింపులోనే ఉంది. ఒక్క చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటర్‌ని ముఖం మీదే పెట్టి, ముఖం సరిగ్గా కనిపించేలా ఎక్స్‌పోజర్ పెట్టి, వెనక ఆకాశం కాస్త తెల్లబడితే తెల్లబడనివ్వాలి. జంటలో ఒకరి చాయ ఇంకొకరికన్నా ముదురైతే, నీడలో తీసేటప్పుడు ముదురు చాయ ఉన్నవాళ్లని ఆకాశం కనిపించే వైపుకి ఒక అడుగు దగ్గర నిలబెడితే చాలు, ఇద్దరూ ఎవరి రంగులో వాళ్లు చక్కగా వస్తారు. ఎడిటింగ్‌లో ఒకరిని రుద్దాల్సిన పని లేదు, రుద్దకూడదు కూడా.

పోజు విషయానికొస్తే, పాదాల నుంచి మొదలుపెట్టాలి. రెండు కాళ్ల మీద సమంగా బరువు వేసి, కెమెరాకి ఎదురుగా ఛాతీ పెట్టి నిలబడితే ఎవరైనా ఆధార్ కార్డు ఫోటోలాగే ఉంటారు. బరువు వెనక కాలి మీదికి పంపితే ముందు మోకాలు దానంతటదే వంగుతుంది, నడుము ఒక పక్కకి పోతుంది, భుజాలు దానికి ఎదురు వాలు తీసుకుంటాయి, తల మళ్లీ అవతలికి ఒరుగుతుంది. మన ప్రాంతంలో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. కోణార్క ఆలయం మీద 13వ శతాబ్దం నుంచి నిలబడి ఉన్న బొమ్మల్లో చాలా త్రిభంగంలో కనిపిస్తాయి. ఒడిస్సీ నాట్యానికి ఆధారమైన రెండు నిలకడల్లో చౌక ఒకటి, త్రిభంగి రెండోది. మోకాలి దగ్గర, నడుము దగ్గర, మెడ దగ్గర మూడు వంపులు. నాట్యం నేర్చుకున్న అమ్మాయికి "త్రిభంగిలో సగం" అంటే చాలు, సరిగ్గా నిలబడుతుంది. నేర్చుకోని వాళ్లకి చెప్పాల్సింది ఒకటే, "బరువంతా వెనక కాలి మీద వెయ్యమ్మా" అని. మిగతా రెండు వంపులూ కొంత వాటంతటవే వస్తాయి. మగవాళ్లకి కూడా ఇదే సూత్రం, నడుము వంపు మాత్రం తగ్గించి భుజాలు వెడల్పుగా ఉంచాలి.

చీర కట్టుకున్నప్పుడు పైట వెలుగు వైపు ఉంటే పట్టు మెరుస్తుంది, కుచ్చిళ్ల మడతలు మాయమవుతాయి. కుచ్చిళ్లు కనపడాలంటే వెలుగు పక్క నుంచి రావాలి, అప్పుడు ప్రతి మడతకీ ఒక నీడ పడుతుంది. జరీ ఎక్కువున్న చీర ఎదురు ఎండలో తెల్లటి మచ్చలైపోతుంది, దానికి నీడే శరణ్యం.

చేతుల దగ్గర అందరూ ఇబ్బంది పడతారు. వెడల్పుగా అరచెయ్యో, చేతి వెనక భాగమో కెమెరాకి చూపిస్తే అది ముఖమంత పెద్దగా కనిపిస్తుంది. చిటికెన వేలు వైపు అంచు చూపిస్తే చెయ్యి సన్నగా, సుకుమారంగా ఉంటుంది. ఏదో ఒక పని ఇస్తే ఇంకా తేలిక. పైట కొంగు సర్దుకోవడం, గాజులు జరుపుకోవడం, జడ ముందుకి వేసుకోవడం, చెవి జూకాని పట్టుకోవడం. పని చేస్తున్న చెయ్యి బిగుసుకోదు. ఆ పని సగంలో ఉండగా "అక్కడే ఉండమ్మా" అని ఆపితే సరి. మోచెయ్యి ఒంటికి అతుక్కుపోకుండా మధ్యలో కాస్త వెలుతురు కనిపిస్తే నడుము సన్నగా కనిపిస్తుంది, భుజం కూడా లావుగా అనిపించదు.

గడ్డం సంగతి విచిత్రంగా ఉంటుంది. "తల పైకెత్తు" అంటే ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి, "దించు" అంటే మెడ మడత పడుతుంది. గడ్డాన్ని కొంచెం ముందుకి చాపి, ఆ తర్వాత ఒక్క పిసరు కిందికి దించాలి. చేసేవాళ్లకి అది వింతగా అనిపిస్తుంది, అద్దంలో పక్క నుంచి చూస్తే తాబేలు మెడ చాపినట్టే ఉంటుంది. ఎదురు నుంచి కెమెరాలో మాత్రం దవడ గీత శుభ్రంగా కనిపిస్తుంది. మాటతో చెబితే ఎవరికీ అర్థం కాదు, ఫోటోగ్రాఫర్ తానే చేసి చూపించాలి. తాకి సరిచేయడం అలవాటు చేసుకోకూడదు. జుట్టు పాయ సరిచేయాలన్నా, పైట సర్దాలన్నా ఆ అమ్మాయి అక్కనో వదిననో పిలిచి చేయించాలి.

ఎండలో కళ్లు చిట్లిపోవడం పోజు తప్పు కాదు, ఒంటి ధర్మం. కళ్లు మూసుకోమని చెప్పి, మూడు లెక్కపెట్టి తెరవమంటే, తెరిచిన మొదటి క్షణంలో కళ్లు విశాలంగా ఉంటాయి. షట్టర్ అప్పుడే నొక్కాలి. ఈ ఉపాయం రెండు మూడుసార్లకి మించి పనిచేయదు, తర్వాత నీళ్లు కారతాయి.

ఎంత దూరం నుంచి తీస్తున్నారన్నది కూడా ముఖాన్ని మారుస్తుంది. ఫోన్‌లోని మామూలు కెమెరాతో రెండడుగుల దగ్గరికి వెళితే ముక్కు పెద్దది, చెవులు చిన్నవి అవుతాయి. ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగి జూమ్ లెన్స్ వాడాలి, కెమెరా అయితే 85 మిల్లీమీటర్ల లెన్స్. లెన్స్ వల్ల ముఖం మారుతుందని చాలామంది అనుకుంటారు, మార్చేది దూరం. లెన్స్ ఆ దూరంలో నిలబడే వీలు మాత్రమే ఇస్తుంది.

ఫ్లాష్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గట్టి ఎండలో ఐఎస్‌ఓ (వెలుగును పట్టే చురుకుదనం) 100 పెట్టి, లెన్స్ రంధ్రం సన్నగా ఉండే ఎఫ్ 16 దగ్గర సెకనులో వందో వంతు షట్టర్ సరిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కోసం ఆ రంధ్రం బాగా తెరిచి ఎఫ్ 2కి వస్తే షట్టర్ 6400వ వంతుకి పోవాలి. చాలా కెమెరాల్లో మామూలు ఫ్లాష్ 200, 250వ వంతు దాటితే సరిగ్గా పనిచేయదు. అంత వేగమైన షట్టర్‌తోనూ పనిచేసే హై స్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్ అయినా వాడాలి, లెన్స్‌కి వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ అయినా తగిలించాలి. అవి లేనివాళ్లకి థర్మాకోల్ షీటు ఉండనే ఉంది. ఒక్క జాగ్రత్త, ఫ్లాష్ వాడేరోజు ముఖానికి పౌడర్ దట్టంగా అద్దితే అది తెల్లగా ఎగిసి కనిపిస్తుంది.

ఈ జిల్లాల్లో షూట్ చేసేవాళ్లు మరో సంగతి కూడా చూసుకోవాలి. చాటికోన సంతలోనో, ఒనుకుడెల్లి సంతలోనో డొంగ్రియా కోందు, బోండా గిరిజన తెగల మహిళల్ని అడగకుండా పోర్ట్రెయిట్లు తీసి పేజీలో పెట్టుకోవడం ఒక అలవాటుగా మారింది. వాళ్లు సంతకి వచ్చింది సరుకు అమ్ముకోవడానికి, మోడలింగ్‌కి కాదు. అడిగి, వద్దంటే వెళ్లిపోవాలి. సరేనంటే ఫోటో ఎక్కడ పెడతారో వాళ్ల భాష తెలిసినవాళ్లతో చెప్పించాలి, ఆ పూట వాళ్ల బేరం పోయినందుకు డబ్బివ్వాలి. ఊరి మోడల్‌కి వాళ్ల పూసల దండలు, రింగులు తొడిగి "ట్రైబల్ లుక్" అని తీసే షూట్లు మానుకోవడమే మర్యాద. అవి ఫ్యాన్సీ డ్రెస్సులు కావు, కట్టుకునే మనుషులు అదే సంతలో పది గజాల దూరంలో ఉన్నారు.

చివరగా ఆ సాయంత్రపు 25 నిమిషాలని ఎలా వాడుకోవాలన్నది. ముందు క్లోజప్‌లు తీయాలి, మేకప్ తాజాగా ఉంటుంది, మోడల్‌కి ఓపిక ఉంటుంది. ఎండ ఇంకా కాస్త గట్టిగా ఉండగా సూర్యుణ్ణి జుట్టు వెనక పెట్టి, లెన్స్ మీద నేరుగా ఎండ పడకుండా హుడ్ తగిలించి, ఎదురుగా తెల్ల షీటు పట్టించి అంచు వెలుగు ఫోటోలు. ఎండ పలచబడగానే ముఖాన్ని నేరుగా సూర్యుడి వైపు తిప్పించి నిలువు ఫోటోలు, అప్పుడు కళ్లు చిట్లవు. సూర్యుడు కొండ వెనక్కి జారాక చాలామంది బ్యాగు సర్దేస్తారు. కానీ ఆ తర్వాత పావుగంట సేపు పడమటి ఆకాశమంతా ఒక పెద్ద మెత్తటి లైటుగా ఉంటుంది, ముఖం దాని వైపు పెడితే ముక్కు నీడే కనిపించదు. ఐఎస్‌ఓ 800కో 1600కో పెంచుకోవాలి, షట్టర్ 125వ వంతుకి తగ్గకుండా చూసుకోవాలి, మోడల్‌ని ఏదైనా గట్టు మీదో మెట్టు మీదో కూర్చోబెట్టాలి, కూర్చున్న మనిషి తక్కువ ఊగుతుంది. రెండో చీర ఉంటే దాన్ని ఈ పావుగంటకి ముందే కట్టించి సిద్ధంగా ఉంచుకోవాలి.